బావకి గాలం, అప్పకి గరిటె

ఫిబ్రవరి 3, మంగళవారం

అండమాన్ వెళ్ళిపోయిన ఇరవై రెండేళ్ళకి నా తమ్ముడు ధనరాజ్‌కి ఇవాళ ఈ అప్ప గుర్తొచ్చింది. అప్ప కాదులే, బావ గుర్తొచ్చాడు.

"బావ రిటైరైపోనాడు కదప్పా. ఇంట్లో కూకుని ఏటి సేస్తాడు? ఇద్దరూ పోర్ట్‌బ్లెయిర్ వచ్చీయండి. పది రోజులుండండి. రోజూ తెల్లారగట్ల బావని నా బోటు మీద తీసికెల్తాను. పట్నాలోళ్ళు నా బోటు కోసం నెల ముందు సెప్పుకుంతన్నారు తెల్సా, గాలం ఎయ్యడానికి. బావ కోసం జపాను గాలం కూడా కొన్నాను."

"మరి నేను?"

"నువ్వు యమునతో కబుర్లాడుకుందువు గానీ. మేం తెచ్చిన సేపలు నువ్వే ఒండాల. దీని సేతి పులుసు తిని తిని నాలిక సచ్చిపోనాది."

యమున వాడి పెళ్ళాం. పక్కనే ఉన్నట్టుంది. గిన్నె ఏదో గట్టిగా పెట్టిన చప్పుడు సముద్రం దాటి ఇక్కడికి వినపడింది.

సరే వస్తామన్నాను. బావకి గాలం, అప్పకి గరిటె. ఏర్పాటు బాగుంది.

వాడి బావ, అంటే నా మొగుడు నరసింగరావు, చీపురుపల్లి స్టేషన్లో ముప్ఫై నాలుగేళ్ళు టికెట్లు కొట్టాడు. ఇద్దరివీ వేట కుటుంబాలే గానీ వీళ్ళ తాత ఏనాడో సముద్రానికి దణ్ణం పెట్టి ఊళ్ళోకొచ్చేశాడు. ఈయన ఎరిగిన అతి పెద్ద జలాశయం ప్లాట్‌ఫారం మీది కుళాయి. చేప ముల్లు తీయడానికి అరగంట పడుతుంది. అలాంటాయనకి జపాను గాలం.

నాకు ఎనిమిదో ఏటికే గాలం వచ్చు. వంశధార సముద్రంలో కలిసేచోట ఇసకలో నిలబడి నాన్న నేర్పాడు. తంగూసు దారం వేలికి చుట్టుకుని, చేప ఎర ముట్టుకుంటే అది మాగో పండుగప్పో చెప్పేసేదాన్ని. ఒడ్డు మీద నుంచే. బోటు మాత్రం ఎక్కలేదు. మా ఊళ్ళో ఆడది బోటుకి పసుపు రాస్తుంది, బొట్టు పెడుతుంది, హారతి ఇస్తుంది. ఎక్కదు.

గీత రెండో అధ్యాయంలో భగవానుడు చెప్పనే చెప్పాడు, తాబేలు కాళ్ళు ముడుచుకున్నట్టు ఇంద్రియాలను లోపలికి ముడుచుకోమని. శ్రీకూర్మనాథుడి పేరు పెట్టుకున్న కూర్మమ్మని. నాకంటే బాగా ముడుచుకునేవాళ్ళు జిల్లాలో లేరు.

నాకు విశ్రాంతి కావాలి. అందుకే వెళ్తున్నాను.

ఫిబ్రవరి 4, బుధవారం

నాకు కోరికేం లేదు.

ఫిబ్రవరి 6, శుక్రవారం

శ్రీవారికి చెప్పాను. అండమాన్‌కి రైలు లేదన్న సంగతి ఆయనకి ఇవాళే తెలిసినట్టు ముఖం పెట్టాడు.

"ఓడ అయితే మూడు రోజులు, విమానం అయితే పూటలో పని," అన్నాను.

"ఇంట్లో ఉంటే అసలు ప్రయాణమే లేదు కదే."

"నీ బామ్మర్ది నీకు సేపలు పట్టడం నేర్పిస్తాడట."

"నేను వాళ్ళనేటి సేసేను, సేపల్ని?"

ఈ మనిషికి అహింస ఇప్పుడు పుట్టింది. నిన్న మధ్యాహ్నం కానాగంతల ఇగురు మూడుసార్లు వడ్డించుకున్నప్పుడు నిద్రపోతోంది కాబోలు.

అయినా ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, తెల్లకాగితం మీద గీతలు గీసి టైంటేబిలు వేశాడు. తెల్లవారి 4:40 లేచుట. 4:55 కాఫీ. 5:30 బోటు. 5:35 వాంతి. వాంతి తర్వాత గడి ఖాళీగా ఉంచాడు. ఏమిటంటే, "అప్పటికి బతికుంటే రాస్తాను," అన్నాడు.

ఈయనకి ఆటోలోనే తల తిరుగుతుంది. ఆ మాట ధనరాజ్‌కి చెప్పాలి. చెప్పలేదు. బావ రానంటే వాడు పిలుపు వెనక్కి తీసుకుంటాడేమోనని కాదు. మర్చిపోయాను.

ఫిబ్రవరి 7, శనివారం

అరసవల్లిలో మా మందిరంలో శనివారం ప్రసంగం. ఇవాళ తృష్ణ మీద చెప్పాను. ఆశ అనేది గాలానికి గుచ్చిన ఎర అన్నాను. నోరు తెరిచిన చేప ఏమవుతుంది అని అడిగాను. ఏమవుతుంది, పులుసవుతుంది అన్నాను. ముందు వరసలో ఇద్దరు కళ్ళు తుడుచుకున్నారు. వెనక వరసలో శ్రీవారు ఆవులించారు. తమోగుణానికి ఉదాహరణ కావలసివచ్చినప్పుడల్లా నేను అటే చెయ్యి చూపిస్తాను. ఆయనకీ అలవాటైపోయింది, చెయ్యి లేచేసరికి నిటారుగా కూర్చుంటాడు.

ప్రసంగం చివర్న, వచ్చే నెల రెండు శనివారాలు నేనుండనని చెప్పాను. ఎక్కడికని అడిగింది లక్ష్మణమ్మగారు. ఆవిడ మా మందిరం పెద్ద, బొబ్బిలి వైపు భూములున్న రైతు కుటుంబం.

సముద్ర తీర్థానికి అన్నాను. మౌనదీక్ష అన్నాను. ఎలా వచ్చిందో, నోటికి అదే వచ్చింది. అబద్ధం కాదు. సముద్రం ఉంది. గాలం వేసేటప్పుడు ఎవరూ మాట్లాడరు.

"అయితే నేనూ వస్తానండి కూర్మమ్మగారూ," అంది ఆవిడ. "మౌనం నాకూ చెయ్యాలనుంది."

లక్ష్మణమ్మగారు మౌనం. ఇంకా నయం, సముద్రం ఆరబెడతాననలేదు.

ఫిబ్రవరి 10, మంగళవారం

ధనరాజ్ వాట్సాప్‌లో ఫొటోలు పంపాడు, బావకి చూపించమని. వాడి బోటు. తెల్లగా, నీలం గీతతో. అందులో ఒక ఫారిన్ ఆవిడ నిక్కరు వేసుకుని, ముందు కొమ్ము మీద కాలు పెట్టి, తన చెయ్యంత కోనెం చేప పట్టుకుని నవ్వుతోంది.

వెంటనే ఫోన్ చేశాను.

"ఒరే, ఆ బోటు మీద నిలబడ్డది ఆడదే కదా?"

"టూరిస్టప్పా అది."

"టూరిస్టు ఆడది కాదేటి?"

"అలా కాదప్పా..."

తెల్లామె ఎక్కితే టూరిస్టు. అప్ప ఎక్కితే అరిష్టం. గంగమ్మ తల్లి పాస్‌పోర్టు చూసి పంపుతోంది కాబోలు.

"నేను ఎక్కితే ఏటవుద్దిరా?" అన్నాను. ఊరికే. మాటవరసకి.

"అప్పా, నువ్వు మనింటి ఆడదానివి. ఆమె ఎవులో. ఆమె దోసం ఆమె దేశమెల్లిపోతాది. నీ దోసం నా బోటు మీదుండిపోద్ది."

అప్పుడు నేను నా బలగాన్ని దించాను. రాముడు గంగ దాటినప్పుడు పడవ ఎవడిది? గుహుడిది. గుహుడెవరు? మనోడు. ఆ పడవలో సీతమ్మ కూర్చుందా లేదా?

"కూకున్నాది సరే. తర్వాత ఎత్తుకుపోనారు కదా?"

మరి మత్స్యగంధి? మన వేటోళ్ళ పిల్లే కదా. తండ్రి చెబితే తనే తెడ్డేసి పడవ నడిపిందా లేదా?

"నడిపినాది. ఆ పడవలో ఏటైనాదో కూడా సెప్పు మరి. మైకులో సెప్పగలవేటి?"

ఏడో తరగతి తప్పినవాడు. పురాణం ఎక్కడ విన్నాడో. చిన్నప్పుడు వీడికి కథలు చెప్పి నిద్రపుచ్చింది నేనే. బుద్ధి తక్కువై.

ఫిబ్రవరి 11, బుధవారం

ధనరాజ్‌తో ఇక మాట్లాడను. బోటు ఎక్కాలని నాకేమైనా ఉందా? ధర్మం కోసం అడిగాను.

ఫిబ్రవరి 12, గురువారం

వాడు ఫోన్ చేశాడు. ఎత్తలేదు.

రెండోసారి ఎత్తాను. బావ టోపీ సైజు ఎంత అని అడిగాడు.

ఫిబ్రవరి 16, సోమవారం

నిన్న శివరాత్రి ఉపవాసం. ఇవాళ ఉప్మా తింటూ శ్రీవారు నోరు విప్పారు. ఈయన మాట్లాడడం గూడ్సు బండి కదలడం లాంటిది. ముందు చాలాసేపు ఏమీ ఉండదు, తర్వాత వరసగా పెట్టెలన్నీ వచ్చేస్తాయి.

"మీ తమ్ముడితో నేను మాట్లాడతానే. నాకు బోటులో వాంతులవుతాయి, అది అబద్ధం కాదు. తల పట్టుకోడానికి మనిషుండాల. నా తల మీ తమ్ముడు పట్టుకుంటే బోటెవులు నడుపుతారు? అంచేత నువ్వు రావాల. మొగుడికి సేవ. ఇంక వాడేటంటాడు?"

మంచి ఉపాయమే. పావుగంట ఆలోచించి మరీ కోపం తెచ్చుకున్నాను.

"నేను ఎక్కితే నాకోసం ఎక్కుతాను. నీ వాంతులు పట్టే బేసిను మోసుకుంటూ కాదు."

"ఎక్కాలనుందని ఒప్పుకున్నావన్నమాట."

"నేనలా అన్లేదు."

"సరే. అన్లేదు," అని ఉప్మాలో జీడిపప్పు వెతుక్కున్నాడు.

వేలమందికి (సరే, ఎనభై మందికి) సత్యం చెప్పేదాన్ని, మొగుడి వికారాన్ని అడ్డం పెట్టుకుని బోటెక్కాలా? ఆయనకి సిగ్గు లేదు. తన వాంతిని కూడా దానం చేసేస్తున్నాడు.

ఫిబ్రవరి 19, గురువారం

రాయకూడదనుకున్నాను.

విమానం టికెట్లు కొనేముందు ఒకసారి పరీక్ష చూసుకుంటానని ఈయన పట్టుబట్టాడు. కళింగపట్నం పక్కన మా ఊరు వెళ్ళాం. మా పెదనాన్న కొడుకు కూర్మయ్యకి ఫైబరు బోటుంది. వంశధార సముద్రంలో కలిసే ఏటి మొగ దగ్గర అరగంట తిప్పి తెస్తానన్నాడు. నేను ఇసకలో నిలబడ్డాను. ఈయన చెప్పులు ఒక చేతిలో, తువ్వాలు భుజం మీద, వాంతి మాత్రలు కొంగున.

ఏట్లో ఉన్నంతసేపూ బాగానే ఉన్నాడు. సముద్రపు నీళ్ళు తగిలేసరికి మొదటిది. నేను ఒడ్డు నుంచి లెక్కపెట్టాను, మూడు. కూర్మయ్య ఊరికే ఉండక, ఒడ్డుకి దగ్గర్లోనే బోటు ఆపి ఈయన చేతికి తంగూసు చుట్టి ఎర నీళ్ళలోకి వదిలాడు, మనసు మళ్ళుతుందని. ఈయనకి చేతిలో ఏముందో కూడా తెలీదు. కళ్ళు మూసుకుని ఉన్నాడు. దారం ఒకసారి ఒణికింది. లాగలేదు. మళ్ళీ ఒణికింది. లాగలేదు.

తర్వాత నాలుగో వాంతికి అవతలి వైపు ఒక్కసారి ఒరిగాడు. ఆ ఊపుకి చేప బోటులో పడింది.

జెల్ల. మోచేతంత.

కళ్ళు మూసుకున్నవాడికి. వాంతి చేసుకుంటున్నవాడికి. ఫలాపేక్ష లేకుండా కర్మ చెయ్యమని పదిహేనేళ్ళుగా నేను గొంతు చించుకుంటుంటే, వెనక వరసలో ఆవులించినాయన చేసి చూపించాడు.

బోటు దిగి, ప్లాట్‌ఫారం మీద ఎవరో మర్చిపోయిన సామాను పట్టుకొచ్చినట్టు ఆ చేపని దూరంగా పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"కూర్మీ, నేను పట్టలేదే. అదే నన్ను పట్టుకున్నాది."

ఊరు ఊరంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వాననే అనుకుంటున్నాను.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఒక గూడ్సు బండి నడిచింది.

"నువ్వు ఇసకలో నిలబడి సెయ్యి ఇలా అంటన్నావు," అని చిటికెన వేలు విదిలించి చూపించాడు. "నా దారం కదిలినప్పుడల్లా నువ్వక్కడ లాగుతున్నావు. నాకు కనపడింది."

"కళ్ళు మూసుకున్నావు కదా."

"మజ్జిమజ్జిన తెరిచేను."

అప్పుడు చెప్పాను. ముప్ఫై ఆరేళ్ళ కాపురంలో చెప్పనిది. పన్నెండో ఏట ఇసక మీద ఉన్న నాన్న బోటులోకి ఎక్కి, వలల కింద దాక్కున్నాను, నన్నూ తీసుకెళ్ళిపోతారని. అమ్మ జుట్టు పట్టుకుని దింపింది. ఆ వారమే రాళ్ళకి తగులుకుని వల మొత్తం పోయింది. ఊరంతా నా వల్లే అంది. ధనరాజ్ అప్పుడు ఆరేళ్ళవాడు, వాడూ అన్నాడు. నాన్న ఏమీ అనలేదు. ఏటి మొగకి నన్ను మళ్ళీ తీసుకెళ్ళలేదు, అంతే.

బోటు ఆడది ఎక్కకూడదని ఎక్కడ రాసుందో చూద్దామనే నేను మొదట పుస్తకం పట్టుకున్నాను. అక్షరం అక్షరం కూడబలుక్కుని. ఒకదాంట్లో లేదు. ఇంకోదాంట్లో చూశాను. అలా చూస్తూ చూస్తూ మైకు దాకా వచ్చాను. ఎక్కడా లేదు.

ఆయన నరసన్నపేట రోడ్డు దగ్గర ఆటో ఆపించి మళ్ళీ వాంతి చేసుకున్నాడు. తల పట్టుకున్నాను.

ఫిబ్రవరి 20, శుక్రవారం

జెల్ల పులుసు. చాలా బాగుంది. బాగుండకపోతే బాగుండేది.

ఇది అసూయ. ఇంకో పేరు పెడదామని పొద్దుట్నుంచి చూస్తున్నాను. దొరకలేదు.

ఫిబ్రవరి 21, శనివారం

సత్యం మీద ప్రసంగం. మొదలుపెట్టి రెండు నిమిషాలకే నా గొంతు నాకే నచ్చలేదు.

మైకు పట్టుకుని చెప్పేశాను. నేను తీర్థానికి వెళ్ళడం లేదు. దీక్షా లేదు గాడిద గుడ్డూ లేదు. పోర్ట్‌బ్లెయిర్‌లో మా తమ్ముడి బోటెక్కి చేపలు పట్టాలని వెళ్తున్నాను. వాడు ఎక్కించుకుంటాడో లేదో తెలీదు. అయినా వెళ్తున్నాను. పోయిన పదిహేనేళ్ళలో కోరిక గురించి మీకు చెప్పినవన్నీ సరైనవే, నాకు మాత్రం పని చెయ్యలేదు.

ఇక ఈ మైకుకి, నాకు సరి అనుకున్నాను. లక్ష్మణమ్మగారు లేచి దగ్గరికొచ్చింది. మైకు తీసేసుకుంటుందనుకున్నాను.

"అయితే నేను రానులెండి," అంది. మెల్లగా. తర్వాత ఇంకా మెల్లగా, "వచ్చేటప్పుడు ఎండుచేపలు, నెత్తళ్ళు, దొరికితే... శనివారాలు తినను గానీ."

మైకు ఆన్‌లోనే ఉంది. ఎనభై మందీ విన్నారు. ఆ నవ్వు అరసవల్లి ఆటో స్టాండు దాకా వినపడి ఉంటుంది. నేను ఎన్ని ప్రసంగాలు చేసినా ఇంత ఐకమత్యం చూడలేదు.

వెనక వరసలో శ్రీవారు ఆవులించలేదు.

ఫిబ్రవరి 23, సోమవారం

ధనరాజ్‌కి ఫోన్ చేశాను. శ్రీవారు పక్క గదిలో రేడియో ఆపేసి, వినడం లేదని తెలిసేలా గట్టిగా దగ్గాడు.

ఒక్క శ్లోకం చెప్పలేదు. సీతమ్మని పిలవలేదు.

"నాకు బోటెక్కాలనుందిరా. గాలం ఎయ్యాలనుంది. నీ బావకి లేదు. ఆయన పేరు మీద నేను రాను. నాకే ఉంది. పన్నెండో ఏటనుంచీ ఉంది. నువ్వు వద్దంటే నీ బోటు, నీ ఇష్టం. వచ్చి నీకు పులుసు ఒండిపెట్టి ఎల్లిపోతాను. కానీ అబద్ధం సెప్పి రాను."

అటు వాడు కుర్చీ లాక్కుని కూర్చున్న చప్పుడైంది.

"ఆ ఏడు నాన్న వల పోనాదప్పా," అన్నాడు. యాభై ఏళ్ళు వచ్చినవాడు. గొంతు మాత్రం ఆరేళ్ళదే.

"పోనాది."

"నాకు పిల్లలున్నారప్పా. ఆ బోటు తప్ప మరేటీ లేదు."

"తెలుసురా. అందుకే అడుగుతున్నాను. అడక్కుండా ఎక్కీడం లేదు."

వెనక నుంచి యమున గొంతు వినిపించింది: "ఎక్కనీరాదా. రోజూ ఎవుల్నో ఎక్కిస్తన్నావు."

"రండి ముందు," అన్నాడు వాడు. "వచ్చినాక సూద్దాం."

పెట్టేశాడు. ఇదేమి సమాధానమో పద్దెనిమిది అధ్యాయాల్లో వెతికినా దొరకదు.

మార్చి 9, సోమవారం. పోర్ట్‌బ్లెయిర్

విమానంలో శ్రీవారు సంచి అడిగారు. రెండు.

ధనరాజ్ ఉండే జంగ్లీఘాట్‌లో దిగితే అంతా మన సిక్కోలు మాటే. బావకి టోపీ సరిపోయింది. ధనరాజ్ నాతో బోటు సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. పులుసు ఒండాను. యమున పులుసు బాగానే ఉంటుంది, నిన్నటిది రుచి చూశాను. వాడికే నాలిక లేదు.

మార్చి 11, బుధవారం

తెల్లారి అయిదింటికి వాడు తలుపు కొట్టాడు. "బావా, పద," అన్నాడు. ఒక్క బావే. నేను కాఫీ కలపడానికి లేచాను.

శ్రీవారు మంచం మీద నుంచి, "మీ అప్ప ముందు ఎల్తాది. తర్వాత నేను," అన్నాడు. ఇంకేమీ కలపలేదు. వాంతుల మాట కూడా.

జెట్టీ దాకా ముగ్గురం నడిచాం. అక్కడ ధనరాజ్ బోటుకి కట్టిన తాడు చేతిలో పట్టుకుని, సముద్రానికి వీపు పెట్టి, ఎదురుగా ఉన్న ఐసు గోడౌను గోడ చూస్తూ నిలబడ్డాడు.

"నానేటీ సూడ్లేదు," అన్నాడు గోడతో.

ఎక్కాను.

కాలు పెట్టినప్పుడు బోటు కొంచెం దిగింది. అంతే. నా బరువుకి. మరేమీ జరగలేదు. నా వెనక శ్రీవారు ఎక్కారు. ఇప్పుడు ఆయన రావలసిన పనే లేదు. వద్దని చెప్పాను కూడా. టైంటేబిల్లో ఉందన్నాడు.

వాడు ముందు స్టీరింగు దగ్గర, మేం వెనక. తల తిప్పితే నేను కనపడతానని మెడ పట్టేసినవాడిలా నడిపాడు. లంగరు వేశాక కూడా తిరగలేదు. "బావా, నీ పక్కనున్నోళ్ళకి సెప్పు, ఎర నీలం డబ్బాలో ఉన్నాదని." బావ చెప్పాడు. "బావా, ఇక్కడ లోతెక్కువ, దారం బాగా ఒదలమను." బావ సగం చెప్పి అంచు మీద వాలిపోయాడు. 5:35 అనుకున్నది 6:10కి అయింది. రైల్వే కదా.

ఎడమ చేత్తో ఆయన చొక్కా కాలరు పట్టుకుని కూర్చున్నాను. కుడి చేత్తో తంగూసు. ఎంతసేపో తెలీదు. నీళ్ళు ఇంత నీలంగా ఉంటాయని ఎవరూ రాయలేదు.

ముట్టుకుంది.

మాగ కాదు, పండుగప్ప కాదు. నాకు తెలిసినదేదీ కాదు. మళ్ళీ ముట్టుకుని, పట్టుకుని, కిందికి పోయింది. తంగూసు వేలు కోసేసింది. ఒక చేతి పని కాదు.

"నన్నొదిలీవే," అన్నాడు శ్రీవారు నీళ్ళలోకి చూస్తూనే. "రెండు సేతులూ పెట్టు. నేను పడను."

వదిలేశాను. ఆయన రెండు చేతులతో అంచు కావిలించుకున్నాడు.

లాగాను. అది లాగింది. కాలు తన్నిపెట్టి లాగాను. అప్పుడు నా వీపు వెనక, స్టీరింగు వైపు నుంచి కేక:

"ఒదులప్పా, ఒదులు, దాన్ని పరిగెత్తనీ... ఇప్పుడు లాగు. అలా కాదు, అయ్యో, బిగించకు..."

తెగిపోయింది.

చేతిలో దారం ఈకలా తేలికగా వచ్చేసింది. నేను తల తిప్పి చూశాను. ధనరాజ్ స్టీరింగు వదిలేసి, నాకు రెండడుగుల దూరంలో, చేతులు చాచి నిలబడి ఉన్నాడు. నన్నే చూస్తున్నాడు. అప్పని చూస్తున్నానని అప్పటికి వాడికి తెలిసింది. వల పోయిన ఏడు నాకూ గుర్తొచ్చింది, వాడికీ గుర్తొచ్చింది. ఇప్పుడంటాడు, అరిష్టం అని. అనడానికి నోరు తెరిచాడు కూడా.

"ఏటప్పా నువ్వు," అన్నాడు. "అంత పెద్ద సేపని అలాగేనా లాగడం? ఒడ్డు సెయ్యి నీది. బోటు మీద నుంచి లాగడం వేరు. నాన్న నీకేటీ నేర్పలేదేటి?"

పదిహేనేళ్ళుగా ఊరందర్నీ మైకులో తిట్టినదాన్ని. ఇంత బాగా తిట్టించుకోవడం నాకు ఇదే మొదలు. ఎరడబ్బా నా వైపు తోశాడు. ఈసారి బావతో చెప్పించలేదు.

శ్రీవారు అంచు మీద నుంచి తలెత్తకుండా అడిగారు, ఇంకా ఎంతసేపని.

మధ్యాహ్నం దాకా అన్నాను.